నాలుగో మూల

సువర్చలకు ఇంట్లో ఎవరి మీదా కోపం లేదు, ఒక్క గిజిగాడి మీద తప్ప.

గిజిగాడంటే పిట్ట కాదు. పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు విప్పి చెప్పే "మెట్టు" అనే సదుపాయం ఒకటుంది. అందులో సాయం చేసేవాళ్లు సొంత పేర్లు చెప్పకుండా పిట్టల పేర్లు పెట్టుకుంటారు. పాలపిట్ట, లకుముకి, గోరింక, ఇలా. గిజిగాడు వాళ్లలో ఒకడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు ప్రణీత సాయంత్రం బడి నుంచి రాగానే సంచీ కుర్చీలో పడేసి, నుదుటికి పల్చటి నీలం పట్టీ కట్టుకుని, ట్యాబు మీద లెక్క రాసి, తెర మూల చిన్న దీపం వెలిగాక కాసేపు జడ కొస నోట్లో పెట్టుకుని కూర్చునేది. ఉన్నట్టుండి "ఆఁ!" అనేది. ఆ "ఆఁ" వినపడినప్పుడల్లా వంటింట్లో సువర్చల చేతిలో గరిట ఆగిపోయేది.

సువర్చల లెక్కల టీచరు మరి. ఎమ్మెస్సీ, బీయెడ్. భీమవరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ ఇరవై రెండేళ్లలో పిల్లలు "ఎస్ మేడమ్" అన్నారు, "రాసేసుకున్నాం మేడమ్" అన్నారు, నూటికి తొంభైలు తెచ్చుకున్నారు, స్వీట్లు పంచారు. "ఆఁ" అని మాత్రం ఒక్కళ్లూ అనలేదు.

"ఇంట్లో లెక్కల టీచర్ని పెట్టుకుని ఊరిమీద పడి అడుగుతావేంటే?" అంది ఓ రోజు ఉండబట్టలేక.

ప్రణీత పట్టీ విప్పుకుంటూ అమాయకంగా చెప్పింది. "నువ్వు చెప్తే లెక్క వస్తుందమ్మా. గిజిగాడు చెప్తే అర్థమవుద్ది."

సువర్చల ఆ రోజు సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఈ మెట్టును కనిపెట్టింది ఎవరో కాదు, సువర్చల మరిది శేషు. ఇంజనీరింగ్ కాలేజీలో పని చేస్తూ, మేడ మీద గదిని సొంత ప్రయోగశాలగా మార్చుకున్నాడు. సువర్చల భర్త రొయ్యల మేత కంపెనీ పని మీద వారంలో ఐదు రోజులు ఊళ్లు తిరుగుతుంటాడు కనుక ఈ కథలో ఆయనకు పెద్ద పని లేదు. ఇక మిగిలింది శేషు భార్య, సువర్చల తోడికోడలు తాయారు.

తాయారుది నరసాపురం పక్క పల్లె. అమ్మమ్మ, అమ్మ, మేనత్త, అందరూ లేసు అల్లేవాళ్లే. ఇంటర్‌తో చదువు ఆపేసి పెళ్లి చేసుకొచ్చింది. పద్నాలుగేళ్లుగా ఆమె చేతిలో లేసు సూది, తెల్లదారం ఉండ లేకుండా సువర్చల చూసింది లేదు. పప్పు ఉడికేలోపు ఒక చుట్టు, కరెంటు పోతే రెండు చుట్లు. కాగితం మీద నమూనా ఉండదు, నోట్లో లెక్క ఉండదు, ఎవరితోనో కబుర్లు చెబుతూనే నూట ఇరవై కుట్ల చుట్టులో ఒక్క కుట్టు తేడా రాకుండా ముగించేది. చుట్టాలు వచ్చి ఆ గుడ్డల్ని పట్టుకు మురిసిపోతుంటే సువర్చల "ఏముంది, ఓపిక ఉండాలి" అనేది. ఓపిక అనే మాటలో ఎంత కుళ్లు కుక్కవచ్చో సువర్చలను చూసి నేర్చుకోవాలి.

ఓ ఆదివారం పొద్దున్న పెసరట్లు తింటూ శేషు ఉత్సాహంగా అన్నాడు.

"వదినా, మెట్టులో ఒక విచిత్రం బయటపడిందండి. పిల్ల ఒక మెట్టు దగ్గర ఆగిపోద్ది. అవతల సాయం చేసేవాళ్లకి ఆ మెట్టు మెరుపులా తడుతుంది. ఆ మెరుపు పట్టీలోంచి పిల్లకెళ్తుంది. ఇన్నాళ్లూ ఫోటో తీసినట్టు నకలు వెళ్తుందనుకున్నా."

"కాదా?"

"కాదు. అసలు మెరుపే వెళ్లిపోతోంది. ఇచ్చినవాళ్లకి ఆ రోజుకి ఆ ముక్క ఉండదు. మర్నాటికి మళ్లీ మొలుస్తుంది. మన పెరట్లో కరివేపాకు చెట్టు చూడండి, రెమ్మ కోస్తే చిగురేస్తుంది కదా, అలాగన్నమాట."

"మరి మొక్కే పీకేస్తే?" అంది సువర్చల. ఊరికే అడిగింది.

శేషు అట్టు ముక్క చట్నీలోనే వదిలేశాడు. "అక్కడిదాకా వెళ్లకూడదనే రోజుకి ఆరు అని కట్టడి పెట్టా. ఏడోది అడిగితే ఎర్రదీపం వస్తుంది. కాకపోతే పరీక్షల ముందు పిల్లలు ఏడుస్తారని ఒక మీట ఉంచా. సాయం చేసేవాళ్లు ఒప్పుకుని నొక్కితే ఇంకోటి వెళ్తుంది. వెళ్లేకొద్దీ వేరు కదులుతుందని నా అనుమానం."

తాయారు అందరికీ చట్నీ వడ్డిస్తూ తలెత్తలేదు. అప్పుడు సువర్చలకు అది పట్టలేదు.

ఆ ఏడాది బడివాళ్లు పదో తరగతి మొత్తాన్నీ మెట్టులో చేర్పించారు. నలభై రెండు మంది పిల్లలు, నలభై రెండు పేర్లు, వాళ్ల రహస్య పదాలన్నీ క్లాస్ టీచరైన సువర్చల నోటుబుక్కులో. పట్టీలు, బడి ట్యాబులు స్టాఫ్‌రూమ్ బీరువాలో. బుధవారం మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఆమె తలుపు దగ్గరకు వేసి, ఒక పట్టీ నుదుటికి కట్టుకుని, ఒక పిల్ల పేరుతో లోపలికి వెళ్లింది. గిజిగాడిని కోరి ఎంచుకుంది. వాడికి రాని లెక్క ఇచ్చి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడి చేత నీళ్లు నమిలించాలని ఆమె కోరిక.

ఎమ్మెస్సీ నాటి లెక్క ఒకటి గుర్తు చేసుకుని రాసింది. దీపం వెలగలేదు. ఇంకోటి రాసింది. ఊహూఁ. మూడోది అర పేజీ పట్టింది. దీపం అలాగే ఉంది. అప్పుడు తట్టింది. ఆ మూడింటికీ జవాబులు తనకు తెలుసు. నిజంగా రాని లెక్కకే అది వెలుగుతుంది. వచ్చినదాన్ని రానట్టు నటిస్తే పట్టీకి తెలిసిపోతుంది.

నిజంగా రానిది? ఆ ప్రశ్న ఆమె తనను తాను ఇరవై రెండేళ్లుగా వేసుకోలేదు. వేసుకోగానే ఆ పొద్దున్న క్లాసు గుర్తొచ్చింది. బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్ ఈక్వల్స్ నలభై అని రాసి, "మధ్య అంకెలో సగం మూడు, మూడు మూళ్లు తొమ్మిది, రెండు వైపులా తొమ్మిది కలపండి" అని చెప్తుంటే వెనక బెంచీ భువన లేచి నిలబడింది.

"మేడమ్, తొమ్మిదే ఎందుకు?"

"సగం చేసి వర్గం చెయ్యమంది సూత్రం."

"అదే, ఎందుకు మేడమ్?"

"పరీక్షలో ఎందుకని అడగరు. కూర్చో."

ఇప్పుడు సువర్చల ఆ లెక్కే రాసింది. కింద రాసింది, తొమ్మిదే ఎందుకు? దీపం భగ్గున వెలిగింది. ఆమె చెవులు సిగ్గుతో కాలిపోయాయి.

ఒక నిమిషం ఏమీ లేదు. తరువాత, ఎలా చెప్పాలి, కళ్ల ముందు ఒక నలుచదరపు గుడ్డ పరుచుకుంది. దాని కుడి పక్క మూడు కుట్ల వెడల్పున ఒక అంచు, కింది పక్క అంతే వెడల్పున ఇంకో అంచు. రెండు అంచులూ వచ్చి ఒకదాన్నొకటి కలుసుకోలేక ఆగిన చోట ఒక ఖాళీ మూల. అటు మూడు, ఇటు మూడు. తొమ్మిది కుట్లు పడితే తప్ప గుడ్డ చదరం కాదు. తొమ్మిదిని ఏ సూత్రమూ కలపమనడం లేదు, ఆ మూల అడుగుతోంది! నలభైకి తొమ్మిది కలిస్తే నలభై తొమ్మిది. పెద్ద గుడ్డ అంచు ఏడు. అందులో మూడు తీస్తే లోపలి గుడ్డ నాలుగు.

"ఆఁ!" అంది సువర్చల గట్టిగా. నలభై ఆరేళ్లు వచ్చాక, మొదటిసారి.

ఆ సంతోషం పూర్తిగా దిగకముందే ఆమె తన కుడిచేతిని చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు లేని సూదిని పట్టుకుని ఉన్నాయి. మణికట్టు చిన్నగా తిరుగుతోంది. ఎడమ చూపుడువేలు లేని దారాన్ని చుట్టుకుని బిగువుగా నిలబడింది. ఆ తిప్పుడు ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్లుగా వంటింటి గడపలో, పెరటి అరుగు మీద, పెళ్లిళ్లలో, బస్సుల్లో చూస్తూనే ఉంది.

గిజిగాడు తాయారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాయారు పెరటి అరుగు మీద కూర్చుని బల్లగుడ్డ ఒకటి అల్లుతోంది. పెద్ద చదరం, మూడు మూలలు తిరిగింది, నాలుగోది మిగిలింది.

"వచ్చావా అక్కా, కాఫీ పెట్టనా?"

"నేను పెట్టుకుంటాలే," అంది సువర్చల. పెట్టుకోలేదు. గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. కడుపులో మంట మొదలైంది. తను రాత్రింబవళ్లు బట్టీ కొట్టి తెచ్చుకున్న పట్టా గోడకు వేలాడుతోంది. దాని కింద నిలబడి తను ఇరవై రెండేళ్లు పిల్లలకు అప్పజెప్పినది ఒక్కటీ తనకు కనపడలేదు. ఇంటర్ చదివిన పల్లెటూరి పిల్లకు అరుగు మీద కూర్చునే కనపడుతోంది. పైగా మేడ మీద పట్టీ కట్టుకుంటున్నట్టు ఒక్క ముక్క చెప్పదు, గొప్పలు పోదు, కాఫీ పెట్టనా అంటుంది. గొప్పలు పోయినా కాస్త తిట్టుకోవచ్చు కదా! కన్న కూతురు కూడా ఆమె దయవల్లే "ఆఁ" అంటోంది. తలుచుకున్న కొద్దీ ఒళ్లు భగభగలాడింది.

ఒట్టి కుళ్లే అయితే నాలుగు రోజులు మూతి ముడుచుకుని ఊరుకునేది. కానీ సువర్చల రుచి మరిగింది.

మర్నాడు ఇంకో పిల్ల పేరుతో వెళ్లింది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు? తరువాత మూడో పిల్ల పేరుతో. అటు పక్కకు వెళ్తే గుర్తు ఎందుకు మారుతుంది? దీపం వెలగడానికి నిజంగా రానిది కావాలి, అంతే కదా. ఆమె దగ్గర ఇరవై రెండేళ్ల నిల్వ ఉంది. ఆమె వెళ్లేసరికే గిజిగాడి ఆరూ అయిపోయి ఉండేవి. అందుకని ప్రతి ప్రశ్న కిందా "రేపు పరీక్ష అండి, ప్లీజ్" అని పిల్లల భాషలో రాసేది. తెరమీద ఎర్రదీపం వచ్చేది. ఒక్క క్షణం ఆగేది. ఆ వెంటనే "సాయం చేసేవారు ఒప్పుకున్నారు" అని కనపడేది.

ఆ మీట ఎవరు నొక్కుతున్నారో సువర్చలకు తెలుసు. ఎందుకు నొక్కుతున్నారో తెలుసు. అవతల ఏడ్చే పిల్ల ఉందనుకుంటే తాయారు కాదనలేదు. కరివేపాకు చెట్టు సంగతి కూడా తెలుసు. తెలిసే పదకొండు రోజులు లాగింది. మొదట్లో రోజుకు మూడు, ఆఖర్లో రోజుకు తొమ్మిది. చెట్టు తనదైతే ఇలా దూసేదా అని ఒకసారి అనిపించకపోలేదు. "రేపటితో ఆపేద్దాం" అనుకుంది. రేపు రాగానే నోటుబుక్కు తెరిచింది.

ఆ పదకొండు రోజులూ బడిలో ఆమె వెలిగిపోయింది. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద చదరం గీసి, రెండు పక్కలా అంచులు వేసి, "ఇప్పుడు ఏది తక్కువైందో మీరే చెప్పండి" అంది. క్లాసంతా చూస్తూ కూర్చుంది. వెనక బెంచీలో భువన "ఆఁ! మూల!" అని అరిచింది. దాని వెనకే ఇంకొకళ్లు, ఇంకొకళ్లు. నలభై రెండు మందీ "ఆఁ" అంటుంటే సువర్చల బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. పట్టీ లేకుండా, తీగ లేకుండా, ఒట్టి సుద్దతో ఇచ్చినది తన దగ్గర కూడా అలాగే ఉందని ఆమె అప్పుడు గమనించలేదు. పండగలో ఉన్నవాళ్లు ఇలాంటివి గమనించరు.

పన్నెండో రోజు పొద్దున్న తాయారు వంటింట్లో మినప్పప్పు డబ్బా ముందు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, ఇడ్లీకి పప్పు ఒకటైతే రవ్వ ఎన్ని?"

సువర్చల పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది. "రెండు," అంది మెల్లగా.

"రెండంటే... ఇది ఒకటి, ఇది ఇంకోటి. అంతేనా?" అని తాయారు నవ్వింది. భయపడలేదు, బాధపడలేదు.

మధ్యాహ్నం అరుగు మీద బల్లగుడ్డ లేదు. బుట్టలో అడుగున కుక్కి, పైన పాత తువ్వాలు కప్పి ఉంది. "అల్లడం లేదేంటి?" అని సువర్చల అడిగింది.

"ఏమోనక్కా. ఇదివరకు దాన్ని చూస్తే ఏదో కనపడేది. ఇప్పుడు చూస్తే దారంలాగే ఉంది," అంది తాయారు, టీవీ వైపు చూస్తూ.

సువర్చల లెక్కలు మాత్రమే తీసుకున్నాననుకుంది. తాయారుకు లెక్కలు వేరే, లేసు వేరే కావని, ఆ రెండూ ఒకే దారమని ఆమెకు గానీ, అంత చదివిన శేషుకు గానీ తట్టలేదు.

సాయంత్రం ప్రణీత పట్టీ విప్పేసి దిగులుగా వచ్చింది. "గిజిగాడు పోయాడమ్మా. దీపం వెలుగుతుంది గానీ ఏమీ రావట్లేదు." ఆ మాట అంటుండగానే శేషు మేడ మెట్లు దిగి వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ప్రణీతను లోపలికి పంపేశాడు.

"నలభై రెండు పేర్లతో అడిగారు వదినా. అన్నీ ఒకే ట్యాబులోంచి వచ్చాయి. మీ బడిదే. పిల్లలెవరైనా..."

పిల్లల మీదకు నెట్టేయడానికి దారి తెరిచే ఉంది. సువర్చల ఆ దారి వైపు ఒకసారి చూసింది కూడా.

"పిల్లలు కాదు శేషూ. నేనే."

"ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను కదండీ, వేరు కదులుతుందని."

"చెప్పావు."

"తెలిసీ చేశారా?"

"తెలిసే. కుళ్లు," అంది సువర్చల. ఆ మాట పైకి అనడం పద్నాలుగేళ్లలో అదే మొదలు. "దానికి కనపడేది నాకు కనపడలేదని కుళ్లు."

శేషు కేకలు వేస్తాడనుకుంది. అతను కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "మీరొక్కరేనా? మీట పెట్టింది నేను. నా ప్రయోగానికి ముందుగా ఇంట్లో మనిషినే కూర్చోబెట్టింది నేను. రోజూ ఎర్రదీపాలు కనపడుతూనే ఉన్నాయి. పరీక్షల రద్దీ, ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయని మురిసిపోయా."

"వెనక్కి ఇచ్చేస్తాను. ఇప్పుడే. పట్టీ కట్టు."

"తను అడగాలి కదా వదినా! రానిది కావాలనిపించాలి. అప్పుడే దీపం వెలిగేది. తనకి కావాలనే లేదు. వేరుతో పాటు ఆ ఆశ కూడా మీ దగ్గరికే వచ్చేసింది."

ఆ రోజే శేషు మెట్టును మూసేశాడు, ఇంట్లో ఉన్న రెండు పట్టీలు తప్ప. తాయారుకు అంతా చెప్పారు. సువర్చల ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. తాయారు ఆ చేతుల్ని ఓదార్పుగా తట్టి, "పోనీలే అక్కా, నీకు పనికొచ్చింది కదా," అంది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

తరువాత సువర్చల సెలవు పెట్టి, పది రోజులు తాయారును కూర్చోబెట్టుకుని ఒకట్ల నుంచి మొదలుపెట్టింది. చింతపిక్కలు పరిచింది, పుల్లలు కట్టలు కట్టింది. తాయారు మాట కాదనలేక కూర్చునేది, ఆవలించేది, పట్టీ కట్టుకోమంటే కట్టుకునేది. దీపం నల్లగా ఉండేది.

పదకొండో రోజు సువర్చల ఒక్కతే అరుగు మీద కూర్చుని ఆలోచించింది. నన్ను ఆ దీపం దగ్గరికి తీసుకెళ్లిందేమిటి? చదువా, బుద్ధా? రెండూ కాదు. కుళ్లు. ఒక్క మనిషి మీద ఇంత కుళ్లు పడి, దానితో చేయకూడనిదంతా చేశాను. ఒక్కసారి మంచి పనికి వాడితే ఏం?

లేచి వెళ్లి బుట్ట తెచ్చుకుంది. తువ్వాలు తీసి, బల్లగుడ్డ ఒళ్లో పరుచుకుని, సూది పట్టుకుంది. జన్మలో సూది పట్టని చేతులు తాయారులాగే తిరిగాయి.

అక్కడి నుంచి సువర్చల చేసిన ఆర్భాటం అంతా ఇంతా కాదు. తాయారు టీవీ చూస్తుంటే టీవీకి అడ్డంగా కూర్చుని అల్లింది. తాయారు కూర తరుగుతుంటే ఎదురుగా పీట వేసుకుని అల్లింది. పక్కింటి సత్యవతమ్మగారిని పిలిచి, "చూడండి పిన్నిగారూ, ఎంత పొందికగా వచ్చిందో! ఇది అందరి చేతా అవుద్దా?" అని తాయారుకు వినపడేలా అడిగింది. ఆవిడ గుమ్మం దాటాక బుగ్గలు నొక్కుకుంది. తోడికోడలికి ఒంట్లో బాగోకపోతే ఈవిడ మురిసిపోతోందని వీధిలో అనుకున్నారు. అనుకోనీ అనుకుంది సువర్చల. తాయారు మాత్రం "బావుందక్కా" అని మళ్లీ వంకాయలవైపు చూసేది. ఆ "బావుందక్కా"లో ఏమీ ఉండేది కాదు. ఎంత వెతికినా చిటికెడు కుళ్లు దొరికేది కాదు.

కావాలని విప్పుతూ, మళ్లీ అల్లుతూ ఇరవై మూడో రోజు మధ్యాహ్నం సువర్చల నాలుగో మూల దగ్గరకు వచ్చింది. అంచు ముగించి, తిప్పడానికి సూది వేసింది. ఎదురుగా తాయారు చిక్కుడుకాయలు వలుస్తోంది. వలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"అక్కా, ఆగు."

సువర్చల ఆగింది.

"ఆ గుడ్డ నాది కదా."

"నీదే. అయితే? నువ్వు వదిలేశావుగా, నేను అల్లుకుంటున్నా. నాకొచ్చు, నీకు రాదు," అంది సువర్చల. కావాలనే ఇంకో కుట్టు వేసింది.

తాయారు ముఖం ఎర్రబడింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయాయి. "నాకెందుకు రాదు? ఇన్నాళ్లూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు నిన్ను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోందక్కా! ఆ చేతులు చూస్తుంటే కుళ్లుగా ఉంది!"

తాయారు తనను చూసి కుళ్లుకోవాలని సువర్చల పద్నాలుగేళ్లు కలలు కంది. ఆ మాట ఇలా వినపడుతుందని అనుకోలేదు. "శేషూ! పట్టీలు!" అని మేడ మీదకు కేక పెట్టి, తోడికోడలి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

రోజుకు ఆరు మించకుండా, నెలన్నర పట్టింది. ఒక్కొక్క మెరుపు వెళ్లిపోతుంటే సువర్చలకు లోపల ఒక్కొక్క గది తలుపు మూసుకున్నట్టుండేది. పొద్దున్న కనపడింది సాయంత్రానికి మళ్లీ ఒట్టి సూత్రమయ్యేది, వేరు తనది కాదు కనుక మర్నాటికి మొలిచేదీ కాదు. అన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. నాలుగో మూల ఆఖరున పంపింది. దీపం రెండు వైపులా వెలిగింది. సువర్చల దగ్గర్నుంచి వెళ్లింది. తాయారుకు చేరలేదు. శేషు తీగలన్నీ విప్పి చూశాడు. "అన్నిటికన్నా ముందు వెళ్లింది అదే కదా. రెండుసార్లు చేతులు మారేసరికి తరుగు పోయిందేమో," అన్నాడు. అంతకుమించి అతనికీ తెలియలేదు.

తాయారు సూది పట్టింది. గుండ్రటివన్నీ మునుపటిలాగే వచ్చాయి. చదరపు గుడ్డ మాత్రం మూలకు రాగానే చెయ్యి నిలిచిపోయేది. "ఇక్కడ ఏదో ఉండాలక్కా," అనేది బాధగా. సువర్చల చూసేది. ఆమెకూ ఒట్టి గుడ్డే కనపడేది.

పొడిగించిన సెలవు ముగిసి బడికి తిరిగి వెళ్లిన రోజు సువర్చల బోర్డు మీద ఆ లెక్కే రాసింది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్ ఈక్వల్స్ నలభై. సగం మూడు, మూడు మూళ్లు తొమ్మిది. సుద్దముక్క కింద పెట్టింది.

"తొమ్మిదే ఎందుకో నాకు తెలియదు," అంది. తన గొంతు తనకే వింతగా వినపడింది. "మొన్నామధ్య తెలిసేది. ఇప్పుడు లేదు."

వెనక బెంచీలో భువన బిత్తరపోతూ లేచింది. "మీరే చెప్పారు కదా మేడమ్. మూల కదా అది."

"మీ దగ్గర... ఉందా ఇంకా?"

"ఎక్కడికెళ్తాది మేడమ్?" అంది భువన.

సువర్చల ఒక్కొక్క బెంచీ వైపూ చూసింది, తలలన్నీ ఊగాయి. నలభై రెండు మంది దగ్గరా ఉంది. సుద్దతో ఇచ్చినది ఎవరి దగ్గరా తరగలేదు. ఆ మాట శేషుకు చెప్పాలి, మేడ మీద గది తలుపుకు రాసి అంటించాలి అనుకుంది.

ఆ సాయంత్రం భువనను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. అరుగు మీద సువర్చల, ఒళ్లో బల్లగుడ్డతో తాయారు పక్కపక్కన కూర్చున్నారు, ఎదురుగా భువన నిలబడి సుద్దతో గచ్చు మీద చదరం గీసింది. రెండు పక్కలా అంచులు వేసింది. సుద్ద చేతులు దులుపుకుని, అచ్చం సువర్చల గొంతుతో, "ఇప్పుడు ఏది తక్కువైందో మీరే చెప్పండి," అంది.

సువర్చల కళ్లు చికిలించి చూసింది. ఇంకొంచెం ముందుకు వంగింది. ఏదో అందబోతోంది, ఇదిగో, ఇంకొక్క క్షణం...

"ఆఁ!" అంది తాయారు పక్కనుంచి. సూది అప్పటికే మూల తిరుగుతోంది.

నాకన్నా ముందే! ఈసారి కూడా నాకన్నా ముందే! సువర్చల కడుపులో ఆ పాత మంట భగ్గుమంది. ఇన్నాళ్లకు అది మళ్లీ రగిలినందుకు ఆమెకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేం.

"ఆగవే, నన్ను కూడా చూడనీ," అంటూ తోడికోడల్ని మోచేత్తో పక్కకు నెట్టి, గచ్చు మీదకు వంగింది.